డ్యూటీ చార్టు, ఎక్కాల పుస్తకం

2008 మార్చి 23న విమానాల రాకపోకలు బేగంపేట నుంచి శంషాబాద్‌కు మారిన తరువాత, ఈ చుట్టుపక్కల అనేక ఇళ్లలో పగలూ రాత్రీ బడిగంటను బట్టి కాక డ్యూటీ వేళలను బట్టి సాగుతున్నాయి. కార్గోలో సరుకు ఎత్తేవారు, టెర్మినల్ శుభ్రం చేసేవారు, భద్రతా సిబ్బంది, క్యాబ్ డ్రైవర్లు వేళకాని వేళ ఇల్లు విడిచి, పిల్లలు బడికి తయారయ్యే సమయానికి నిద్రకళ్లతో తిరిగివస్తారు. పెంపకం గురించి వచ్చే పుస్తకాలు మాత్రం సాయంత్రం ఆరింటికల్లా తల్లిదండ్రులిద్దరూ తీరిగ్గా బిడ్డ పక్కన కూర్చునే ఇంటిని ఊహించుకుని సలహాలిస్తాయి కనుక, ఒకటి నుంచి ఐదో తరగతి వరకు చదివే పిల్లలున్న రాళ్లగూడ, గొల్లపల్లి ఇళ్లకు అవి అంతంతమాత్రంగానే అక్కరకొస్తాయి.

ఇంటి ఆసరా అనగానే హోంవర్క్ గుర్తుకు రావడం మొదటి చిక్కు. కేంద్రం 2020లో వెలువరించిన స్కూల్ బ్యాగ్ విధానం ఒకటి, రెండు తరగతులకు హోంవర్క్ వద్దనీ, మూడు నుంచి ఐదు తరగతులకు వారం మొత్తం మీద రెండు గంటలు మించరాదనీ చెప్పింది. డైరీ నిండకపోతే కట్టిన ఫీజు దండగని బాధపడే తల్లిదండ్రులూ, వారిని మెప్పించడానికి మరో పేజీ పెంచే బడులూ ఉన్నంతకాలం ఆ మాట కాగితం దాటి రావడం కష్టమే.

రెండో చిక్కు భాష. తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022–23 నుంచి ఇంగ్లీషు మీడియం ప్రవేశపెట్టినప్పుడు, ఒక పేజీలో తెలుగు, ఎదుటి పేజీలో ఇంగ్లీషు ఉండే ద్విభాషా పుస్తకాలు ఇచ్చారు. ఇంగ్లీషు రాదని తప్పుకునే తల్లి తెలుగు పేజీని చదివించుకుని విన్నా, చదువే రాని నాయనమ్మ ‘తర్వాత ఏమైంది?’ అని అడిగినా, పిల్లవాడు పాఠాన్ని తన మాటల్లోకి మార్చుకోక తప్పదు. తండాల్లో రెండు పేజీల్లోనూ ఇంటి భాష కనిపించదు. అక్కడ ఆ ముచ్చట లంబాడీలోనే సాగినా నష్టం లేదు, ఒక భాషలో కుదిరిన అర్థం రెండో భాషకూ పనికొస్తుంది.

పెద్దలు అందించే సాయానికి డేవిడ్ వుడ్, జెరోమ్ బ్రూనర్, గెయిల్ రాస్ 1976లో పరంజా అనే అర్థమిచ్చే పేరు పెట్టారు. గోడ లేచేదాకా ఉండి, లేచాక తీసేసే కర్రల కట్టు వంటిదన్నమాట. యాభైరెండులోంచి ఇరవైఏడు తీసివేయమంటే ముప్పైఐదు అని రాసే పిల్లవాడు తెలివితక్కువవాడు కాడు. ఏడులోంచి రెండు, ఐదులోంచి రెండు తీసి, ప్రతి వరుసలోనూ పెద్ద అంకెలోంచి చిన్నదాన్ని తీసివేయాలన్న సొంత సూత్రాన్ని నిక్కచ్చిగా పాటించాడు. ‘తప్పు’ అని కొట్టివేసే బదులు, ఐదు పదిరూపాయల నోట్లు, రెండు రూపాయి బిళ్లలు చేతికిచ్చి ఇరవైఏడు రూపాయలు ఇమ్మంటే, రెండు నోట్లిచ్చాక ఏడు రూపాయలకు చిల్లర చాలక మరో నోటు మార్పించుకుంటాడు. చేతిలో ఇరవైఐదు మిగిలాక బడిలో చెప్పిన ‘అప్పు తెచ్చుకోవడం’ ఎందుకో బోధపడుతుంది. నాలుగు రోజుల తరువాత నోట్లు అక్కర్లేదు.

అదే లెక్క దగ్గర పిల్ల ఏడుపు లంకించుకుంటే మాత్రం నోట్లూ పనిచేయవు. లెక్క చేస్తున్నంతసేపూ అంకెలను మనసులో నిలిపి ఉంచే శక్తిని మనస్తత్వ శాస్త్రంలో పనిచేసే జ్ఞాపకం అంటారు. దానిలో చోటు బహు తక్కువ, భయమో బెంగో వచ్చి కూర్చుంటే అంకెలకు జాగా ఉండదు. ఈ వయసు పిల్లలు తమంతట తాము కుదుటపడటం ఇంకా నేర్చుకుంటూ ఉంటారు కనుక, పక్కనున్న పెద్దల నెమ్మదిని చూసి నెమ్మదిస్తారు. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది గాని, నైట్ షిఫ్ట్ దిగివచ్చిన విసుగులో ఇంట్లో పడే దెబ్బకు ఆ సెక్షన్ వర్తించదు.

షిఫ్టుల ఇళ్లలో బెంగకు మూలం తరచూ ఒకే ప్రశ్న: ‘డాడీ ఎప్పుడొస్తడు?’ నెలనెలా ఫోన్‌కు వచ్చే డ్యూటీ చార్టును వారానికో కాగితం మీద పిల్లలచేతే రాయించి తలుపుకు అంటిస్తే ఆ ప్రశ్నకు జవాబు ఎప్పుడూ కళ్లెదుటే ఉంటుంది. 22:00 నుంచి 06:00 వరకు ఎన్ని గంటలో లెక్కించబోయి, ఇరవైరెండులోంచి ఆరు తీసివేసి పదహారని చెప్పే బిడ్డకు, అర్ధరాత్రి దాకా రెండు, ఆపైన ఆరు అని వేళ్ల మీద చూపితే గడియారం పాఠమూ అయిపోతుంది. డ్యూటీ మారినప్పుడు ఆ గడిని కొట్టివేసి దిద్దే పని కూడా పిల్లలదే కావాలి. చెప్పకుండా మారిన డ్యూటీ, అసలు చార్టే లేకపోవడం కన్నా ఎక్కువ అలక తెస్తుంది.

బ్రేక్‌లో చేసే ఫోన్‌కాల్‌లో ‘హోంవర్క్ అయిందా?’ అని మొదలుపెడితే ‘ఆ’ అన్న ఒక్క ముక్కతో సంభాషణ తెగిపోతుంది. ఏం తిన్నావు, ఎవరితో ఆడావు అని అడిగితే మాట సాగుతుంది. స్కూల్ బ్యాగ్ విధానం చిన్న తరగతుల పిల్లలచేత బడిలో చెప్పించమన్నవీ సాయంత్రం ఆడిన ఆటలు, తిన్న తిండి వంటి సంగతులే కనుక, రాత్రి ఫోన్‌లో తండ్రికి వాటిని పూసగుచ్చినట్టు చెప్పిన పిల్ల, మర్నాడు టీచర్ అడిగినప్పుడు తడుముకోవలసిన పని ఉండదు.