దూలం సందులో సీసా

ఈ వారం చేవెళ్ల దగ్గర ఓ కొట్టంలో దూలం సందున దోపిన ఆక్సీటెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ సీసా కనబడింది. సగం ఖాళీ. రబ్బరు మూతకు సూది అట్లాగే గుచ్చి ఉంది. దేనికిదని అడిగితే, "దూడ దగ్గితె రెండు ఎమ్మెల్ ఏస్తం సార్, లేస్తది" అన్నాడు రైతు.

ఒళ్లు మండింది. దూడ దగ్గు చాలాసార్లు వైరస్‌తోనే మొదలవుతుంది, దానికి ఈ మందు పనిచెయ్యదు. పాస్చురెల్లా లాంటి బ్యాక్టీరియా ఊపిరితిత్తుల్లోకి దిగేది ఆ తర్వాత. పుట్టిన గంటల్లోనే జున్నుపాలు కడుపునిండా తాగిస్తే ఈ రోగాలు సగం రావని రాసీ రాసీ మిమ్మల్ని ఎంత విసిగించానో మీకే తెలుసు.

ఆ సీసాను చూస్తే నాకు యల్లాప్రగడ సుబ్బారావు గుర్తొస్తారు. (ఏదో వంకతో ఆయన ఈ కాలమ్‌లోకి రాకుండా ఉండరు!) భీమవరంలో పుట్టిన ఆయన అమెరికాలో లెడర్లీ మందుల కంపెనీ పరిశోధనలకు పెద్దగా ఉన్నప్పుడే, 1945లో, బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్‌ను పట్టాడు. టెట్రాసైక్లిన్లలో అదే మొదటిది. 1948లో ఆ మందు వైద్యలోకానికి తెలిసింది; ఆ ఆగస్టులోనే సుబ్బారావు పోయారు. అదే లెడర్లీలో థామస్ జ్యూక్స్, మందు తీయగా మిగిలిన పిప్పిని కోడిపిల్లల దాణాలో కలిపి చూశాడు. అవి గబగబా బరువెక్కాయి. రోగం లేని జీవాలకు యాంటీబయాటిక్ మేపే అలవాటు అలా ఊపందుకుంది. మన దేశంలో కోలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను పశువులకు, కోళ్లకు వాడొద్దని ఆపేసరికి 2019 వచ్చింది.

ఇంత చెప్పి, ఆ సీసా పారేయమనాలి కదా? అనను. 1962 నంబరుకు ఫోన్ చేస్తే వచ్చే పశువైద్యం బండ్లు 2017లో నియోజకవర్గానికొకటి చొప్పున వచ్చాయి. చేవెళ్ల, మొయినాబాద్, శంకర్‌పల్లి, షాబాద్ అన్నీ ఒకే నియోజకవర్గం. 104 డిగ్రీల జ్వరంతో దూడ మెడ చాచి, నోరు తెరిచి రొప్పుతుంటే బండి కోసం రేపటిదాకా ఆగకూడదు. ఊపిరితిత్తి గట్టిపడ్డాక మందు అక్కడికి సరిగా చేరదు.

నా కోపమల్లా ఆ రెండు ఎమ్మెల్ మీద. అది ఎక్కువకాలం పనిచేసే రకం, పది కిలోలకు ఒక ఎమ్మెల్. అతని దూడ నలభై కిలోలకు తగ్గదు. సగం మందుకు చావని క్రిములు ఆ కొట్టంలోనే ఉంటాయి. జ్వరం చూశావా అంటే థర్మామీటరే లేదు!

కొట్టంలో సీసా ఉండనిమ్మంటే డాక్టరు మిత్రులు తిడతారు. తిట్టనీ. సూది మాత్రం మూతకు వదలకండి. పక్కన ఓ థర్మామీటర్ వేలాడదీయండి. జ్వరమెంతో, బరువెంతో ఫోన్లో డాక్టరుకు చెప్పి, ఆయన చెప్పినంతా, చెప్పిన రోజులన్నీ వేయండి.