పద్దు పడకుండా డబ్బు కదలకూడదు

1978లో నీడమ్, ష్రోడర్ కలిసి ఒక ప్రోటోకాల్ రాశారు. నెట్‌వర్క్‌లో ఇద్దరు ఒకరినొకరు గుర్తుపట్టే పద్ధతి అది. అందులో ఆయువుపట్టు మూడే మూడు సందేశాలు. పదిహేడేళ్లపాటు పండితులు దాన్ని చదివారు, విశ్లేషించారు. 1995లో గావిన్ లోవ్ దాని గుట్టు విప్పాడు. మీరు ఒక మోసగాడితో మాట కలిపితే చాలు, వాడు మీ సందేశాలనే అటు తిప్పి, మూడోమనిషి దగ్గర మీరుగా చెలామణి అయిపోతాడు. మరుసటి ఏడాది లోవ్ ఆ ప్రోటోకాల్‌ను సీఎస్‌పీ భాషలో నమూనాగా రాసి నమూనాలోని దారులన్నీ వెతికే ఎఫ్‌డీఆర్ చెకర్‌కు అప్పగిస్తే, అదీ ఇదే దాడిని పట్టి చూపింది. ఇంతకీ విరుగుడు ఏమిటి? రెండో సందేశంలో జవాబిచ్చేవాడి పేరు చేర్చడం, అంతే! ఎన్నిసార్లు తలుచుకున్నా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

నమూనా రాసేవాడి నేర్పంతా ఏది వదిలేయాలో తెలియడంలో ఉంది. తెరలు, బటన్లు, డేటాబేస్ వివరాలు అన్నీ పక్కన పెడతాడు. వ్యవస్థ ఏయే స్థితుల్లో ఉండగలదు, ఏ చర్య దాన్ని మారుస్తుంది, ఎన్నటికీ ఏది జరగకూడదు అన్నవే మిగులుతాయి. డబ్బు బదిలీనే తీసుకోండి. డబ్బు కదిలితే చిట్టాలో పద్దు ఉండాలి, పడ్డ పద్దు చెరగకూడదు. కదపడం ఒక చర్య, పద్దు రాయడం ఇంకొకటి. యంత్రం ఎక్కడైనా ఆగిపోవచ్చు అన్నది మూడోది. చెకర్ ఈ మూడింటినీ అన్ని వరుసల్లో కలిపి చూసి, పద్దు లేకుండా డబ్బు జారిపోయే దారిని ఒక్కో అడుగుగా మన ముందు పెడుతుంది. ముందు పద్దు, తర్వాతే కదలిక అన్న క్రమం ఒక్క లైను కోడ్ రాయకముందే తేలిపోతుంది. రేపు ఆడిటర్ అడిగే ప్రశ్నకు జవాబు ఈరోజే సిద్ధం.

ఇలాంటి నమూనాలు రాసే పరికరాల్లో నా ఓటు లెస్లీ లాంపోర్ట్ రూపొందించిన టీఎల్ఏ ప్లస్ భాషకే. అమెజాన్ ఇంజనీర్లు తమ డైనమోడీబీ డేటాబేస్ డిజైన్‌ను అందులో రాస్తే ఒక లోపం బయటపడింది. దాన్ని చేరే అతి దగ్గర దారే 35 అడుగులు! సమీక్షలన్నీ, పరీక్షలన్నీ దాటుకుని వచ్చిన లోపం అది. ఇక సిడ్నీ బృందం 2009లో పూర్తి చేసిన ఎస్ఈఎల్4 అనే ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నెల్ నిరూపణ గురించి ఏమని చెప్పను? సుమారు 8,700 లైన్ల సీ కోడ్‌కు దాదాపు రెండు లక్షల లైన్ల నిరూపణ రాశారు. అది తపస్సు.

మరి ఇప్పుడు? నాలుగు డబ్బాలు గీసి, మధ్యలో బాణాలు వేసి దాన్నే నమూనా అంటున్నారు. యంత్రం మధ్యలో ఆగితే ఏమవుతుందని అడిగితే ఆ బొమ్మ ఏం చెబుతుంది? చెక్‌లిస్టులో టిక్కులు పెట్టి భద్రత చూశామంటున్నారు. అలాంటి బొమ్మకు సంతకాలు పడటం నా కళ్లతో చూశాను, కడుపు మండిపోయింది.

హైదరాబాద్‌లో రాసిన కోడ్ ఎన్ని దేశాల్లో డబ్బు కదుపుతోందో మనకు తెలుసు. అది రాసే తమ్ముళ్లను, చెల్లెళ్లను ఒకటే అడుగుతున్నాను. టీఎల్ఏ ప్లస్ పరికరాలు ఉచితం. వచ్చే ప్రాజెక్టులో కోడ్ మొదలుపెట్టేముందు, జరగకూడనిది ఏమిటో రెండు వాక్యాల్లో రాసి చెకర్‌కు ఇచ్చి చూడండి.