తలుపు తీయించే కాగితం

పాడుబడ్డ భవనాల ఫోటోలంటే చాలామందికి ఇష్టం. నాకు ఆ ఫోటో కంటే ముందు పుట్టిన కాగితం మీద మోజెక్కువ. రెక్క ఊడిన కిటికీలోంచి పాత హాల్లోకి ఎండ పడుతున్న ఫోటో కనిపిస్తే, ఆ హాల్లోకి ఎవరిని అడిగి వెళ్లారు, ఏం రాసిచ్చారు, ఏ షరతులకు ఒప్పుకున్నారు అని ఆరా తీస్తాను. అనుమతి తెచ్చుకోవడం కెమెరా పట్టడం కంటే తక్కువ పనితనమేమీ కాదు.

అసలు అనుమతి దేనికో ముందు తెలియాలి. 1957 కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, ఒక కట్టడాన్ని ఫోటో తీసినా, దాన్ని అచ్చు వేసినా కాపీరైట్ ఉల్లంఘన కాదు. రక్షణ శాఖ స్థలాల వంటి నిషిద్ధ ప్రదేశాలను మినహాయిస్తే, మామూలు పాత మేడను రోడ్డు మీద నిలబడి తీయడానికి పెద్దగా అడ్డేమీ లేదు. గడప దాటాలంటేనే అనుమతి కావాలి.

వాచ్‌మన్ దగ్గర తాళంచెవి ఉంటుంది కానీ హక్కు ఉండదు. హక్కు ఎవరిదో రికార్డులు చెప్పాలి. భవనం సర్వే నంబరున్న భూమిలో ఉంటే తెలంగాణలో పహాణీ, ఆంధ్రలో అడంగల్, 1-బి చూడాలి. ఊరి నడుమ గ్రామకంఠంలో ఉంటే అవేవీ పెద్దగా పనికిరావు. అక్కడ పంచాయతీ ఇంటిపన్ను రిజిస్టరు, పట్టణంలోనైతే మున్సిపాలిటీ అసెస్‌మెంట్ నంబరు దారి చూపిస్తాయి. ఆపైన సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయిస్తే ఎవరు ఎవరికి అమ్మారో, ఎక్కడ తాకట్టు పెట్టారో బయటపడుతుంది. రిజిస్ట్రేషన్ చట్టంలోని 22-ఎ కింద ఉండే నిషేధిత ఆస్తుల జాబితా అలాంటి భూముల రిజిస్ట్రేషన్‌ను ఆపడం కోసం పుట్టింది గానీ, మన పనికి కూడా భలే ఉపయోగపడుతుంది. భూమి ప్రభుత్వానిదా, దేవాదాయ శాఖదా, వక్ఫ్‌దా అన్నది అందులో దొరికితే దరఖాస్తు ఏ గుమ్మం తొక్కాలో తేలిపోయినట్టే.

మూతపడ్డ ఫ్యాక్టరీల దగ్గర ఈ చిక్కుముడి మరీ గట్టిగా పడి ఉంటుంది. బోధన్ చక్కెర ఫ్యాక్టరీనే చూడండి. నిజాం కాలంలో, 1937లో మొదలైంది. 2002లో 51 శాతం వాటా ప్రైవేటు చేతికి వెళ్లగా 49 శాతం ప్రభుత్వానికి మిగిలింది. 2015 డిసెంబరులో మూతపడింది. ఇలాంటి చోట గేటు మీదున్న పేరు చూసి ఉత్తరం రాస్తే అది ఎవరికీ చేరదు. ఏ కంపెనీ అయినా 2016 దివాలా చట్టం కింద లిక్విడేషన్‌లోకి వెళ్తే, దాని ఆస్తులు లిక్విడేటర్ అధీనంలోకి వస్తాయి. పాత యజమాని నోటిమాటకు అప్పుడు విలువుండదు. ఉమ్మడి కుటుంబాల మేడలది మరో తంటా. అన్నదమ్ముల్లో ఒకరు ఊళ్లో, ఒకరు హైదరాబాదులో, ఒకరు డల్లాస్‌లో ఉంటారు. ఊళ్లో ఉన్నాయన తలూపితే సరిపోదు. మిగతా ఇద్దరి దగ్గరా వాట్సాప్‌లోనైనా సరే, రాతపూర్వకంగా సమ్మతి తీసుకోవాలి.

కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాలకు 1959 నాటి నిబంధనలున్నాయి. వాటిలో కట్టడాల నకళ్లు తీసుకోవడం గురించి రాసిన భాగాన్ని నేను ఇష్టంగా చదువుతాను. ఫోటో కూడా అక్కడ నకలు కిందికే వస్తుంది. రాతపూర్వక అనుమతి లేనిదే లోపల వాడకూడనివి వరసగా చెప్పారు: కెమెరా స్టాండు, స్టూలు, కుర్చీ, బల్ల, పెద్ద గొడుగు, డ్రాయింగ్ బోర్డు. పరంజా కట్టకూడదు. కెమెరాతో పాటు వెలిగే ఫ్లాష్ తప్ప వేరే కృత్రిమ దీపం పెట్టకూడదు. రాతి మీద నీళ్లు, నూనె, గ్రీజు పూయకూడదు. గొడుగును కూడా మరవని ఆ శ్రద్ధ చూడండి. కాళ్లున్న ప్రతి వస్తువూ పాత నేలను గీకుతుంది. అక్షరాలు తేటగా కనబడాలని శాసనం మీద నీళ్లో నూనో రాస్తే రాయి దెబ్బతింటుంది. ఇలా ఎవరో చేయగా చూసినవాళ్లే ఈ జాబితా రాసి ఉంటారని నా నమ్మకం.

ఇక దరఖాస్తు. పాతకాలపు ట్రావెలర్స్ బంగ్లా ఒకటి ఆర్ అండ్ బీ శాఖ కింద ఉందనుకుందాం. ‘బంగ్లా ఫోటోలు తీసుకొనుటకు అనుమతి ఇప్పించగలరు’ అని ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుకు రాస్తే, మర్యాదలో లోటు లేకపోయినా కాగితం కదలదు. చదివిన గుమాస్తాకు అన్నీ సందేహాలే. ఇలా రాసి చూడండి: ‘ఫలానా సర్వే నంబరులోని పాత ట్రావెలర్స్ బంగ్లా కింది అంతస్తులో, ఫలానా తేదీన ఉదయం 7 నుంచి 11 గంటల వరకు, నేను, నా సహాయకుడు, ఇద్దరమే, ఒక కెమెరా, ఒక స్టాండుతో, విద్యుత్ దీపాలు వాడకుండా, ఏ వస్తువునూ కదపకుండా ఫోటోలు తీసుకొనుటకు అనుమతి కోరుచున్నాను.’

ఇందులో ప్రతి ముక్కా ఒక సందేహాన్ని తీరుస్తుంది. సర్వే నంబరు ఆస్తి ఏదో చెబుతుంది. కింది అంతస్తు అనడంతో ప్రమాదం మాట సగం తీరిపోతుంది. తేదీ, గంటలు ఉంటే వెంట ఎవరిని పంపాలో ఆఫీసు తేల్చుకుంటుంది. ఇద్దరమే అంటే సినిమా షూటింగ్ కాదని అర్థం. దీపాలు లేవంటే పాత వైర్ల గొడవ లేదు. వస్తువులు కదపమంటే బంగ్లా సామాను జాబితాలోని బల్లలూ కుర్చీలూ ఉన్నచోటే ఉంటాయి. అన్నిటికంటే నాకు నచ్చేది చివరి మాట. ‘కోరుచున్నాను’ తీసి ‘ఇవ్వడమైనది’ పెట్టి, ‘నేను, నా సహాయకుడు, ఇద్దరమే’ ఉన్నచోట ఆ ఇద్దరి పేర్లు రాస్తే ఆ వాక్యమే ఉత్తర్వు అయిపోతుంది. గుమాస్తా దాన్ని నోట్ ఫైల్లోకి ఎత్తి రాసుకుంటాడు, సూపరింటెండెంటు చూసి పైకి పంపుతాడు, ఆఫీసరు సంతకం పెడతాడు. ఎదుటివాళ్ల పని తేలిక చేసేలా రాయడం ఈ విద్యలో అసలు మెళకువ.

కింది అంతస్తు అని ఊరికే అనలేదు. మన పాత బంగ్లాల్లో చాలావాటికి మద్రాసు టెర్రస్ ఉంటుంది. టేకు దూలాలు, వాటి మీద నిలువుగా పేర్చిన పలుచని ఇటుకలు, ఆపైన ఇటుక ముక్కలూ సున్నమూ కలిపి దిమ్మిస కొట్టిన పొర. దూలం కొస గోడలోకి దిగినచోట చెమ్మ పట్టి పుచ్చిపోతుంది. ఆ పుచ్చు బయటికి కనబడదు. మధ్యలో గట్టిగా ఉన్న దూలమే కొస దగ్గర పిండైపోయి ఉండొచ్చు. పై అంతస్తుకు వెళ్లే ముందు స్థానిక ఇంజనీరు వచ్చి చూడాలని ఆఫీసు షరతు పెడితే విసుక్కోకండి. ప్రమాదం జరిగితే బాధ్యత నాదేనని వంద రూపాయల బాండు పేపరు మీద రాసివ్వమన్నా రాసివ్వండి. అయితే ఆ కాగితం దూలాన్ని నిలబెట్టదన్నది గుర్తుంచుకోండి.

ఈ పనిలో నేను ఎక్కువగా గౌరవించే మనిషి న్యూయార్క్ ఫోటోగ్రాఫర్ క్రిస్టఫర్ పేన్. ఆయన చదువుకున్నది ఆర్కిటెక్చర్. అమెరికాలో మూతపడ్డ ప్రభుత్వ మానసిక చికిత్సాలయాలను ఏళ్ల తరబడి తీసి 2009లో పుస్తకంగా తెచ్చారు. ఈస్ట్ నదిలోని నార్త్ బ్రదర్ దీవికి కూడా వెళ్లారు. టైఫాయిడ్ మేరీగా పేరుపడ్డ స్త్రీ 1938లో కన్నుమూసిన అంటువ్యాధుల ఆసుపత్రి అక్కడే ఉంది. 1960లలో దీవి ఖాళీ అయ్యాక చెట్లు దాన్ని కమ్మేశాయి, కొంగజాతి పక్షులు గూళ్లు కట్టుకున్నాయి. దీవి నగర ఉద్యానవనాల శాఖది. పక్షులు గుడ్లు పెట్టి పొదిగే కాలంలో ఎవరినీ అడుగు పెట్టనివ్వరు. ఆ షరతుకు లోబడి, శాఖ అనుమతితో ఆయన మళ్లీ మళ్లీ వెళ్లి తీశారు. పొదిగే కాలం ముగిశాక, ఆకు రాలే కాలంలో వేసవి పచ్చదనం దాచేసిన గోడలూ మెట్లూ కంటికి కనిపిస్తాయి. పక్షుల కోసం పెట్టిన నియమం చివరికి ఫోటోకే మేలు చేసింది.

స్టీఫెన్ విల్క్స్ సంగతి కూడా చెప్పాలి. న్యూయార్క్ హార్బర్‌లోని ఎల్లిస్ దీవి దక్షిణ భాగంలో వలస వచ్చినవారి కోసం కట్టిన ఆసుపత్రి 1954 నుంచి శిథిలమవుతూ వచ్చింది. 1998లో గంటసేపటి పని మీద లోపలికి వెళ్లిన విల్క్స్ అయిదేళ్లపాటు దాన్నే తీశారు. ఆ ఫోటోలు చూపించాక మరమ్మతులకు అమెరికన్ కాంగ్రెస్ నుంచి 60 లక్షల డాలర్లు రావడానికి దారి ఏర్పడింది. ఫోటోలు నిర్ణయం తీసుకునేవారి చేతికి చేరితే ఏం జరుగుతుందో ఇది చూపిస్తుంది.

కాబట్టి మీరూ అలాగే చేయండి. పని అయ్యాక, ఏ గదిలోంచి ఏ దిక్కుకు ఏ తేదీన తీశారో ప్రతి ఫోటో వెనకా రాసి ఒక సెట్టు ఆ ఆఫీసుకు ఇవ్వండి. గోడ ఎక్కడ బీటలిచ్చిందో ఇంజనీరుకు కనబడేలా దగ్గరి ఫోటోలు రెండు కలపండి. ఉత్తర్వు నకలు ఒకటి వాచ్‌మన్‌కూ, ఒకటి స్థానిక పోలీస్ స్టేషన్‌కూ ముందే అందజేయండి. దరఖాస్తు ఇచ్చేటప్పుడు మీ దగ్గరుండే కాపీ మీద తేదీతో సహా ఇన్‌వర్డ్ ముద్ర వేయించుకోవడం మాత్రం మరవకండి.