సర్వరు ప్రాసెసరు, ల్యాప్‌టాప్ చిప్పు: ఒక తులనాత్మక విమర్శ

బియ్యమును తూకముతోను, బట్టను మీటరుతోను కొలువవలెనని అంగడికి పోవు పసివానికి సైతము తెలియును. కంప్యూటర్ల విషయమునకు వచ్చునప్పటికి ఈ వివేకము తరచు మరుగున పడుచున్నది. సర్వరు ప్రాసెసరును, ల్యాప్‌టాప్ చిప్పును పక్కపక్కన నిలిపి, ఏదో ఒక అంకెను చూపి, ఇది గొప్పది, అది తక్కువది అని తీర్పు చెప్పుట నేడు పరిపాటి అయినది. ఇట్టి తీర్పులను నమ్మి విద్యార్థులు తమ తలిదండ్రుల సొమ్మును, విద్యాసంస్థలు ప్రజల సొమ్మును వెచ్చించుచున్నవి. కనుక ఈ తీర్పులు ఎంతవరకు నిలుచునో పరీక్షించుట అవసరము.

పోటీలోని రెండు చిప్పులు

పరీక్షకు రెండు ప్రసిద్ధమైన చిప్పులను తీసికొనవచ్చును. మొదటిది 2019 ఆగస్టులో ఏఎండీ సంస్థ విడుదల చేసిన ఎపిక్ 7742. ఇది సర్వరు ప్రాసెసరు. అనగా వేలకొలది జనులకు ఏకకాలమున సేవచేయు పెద్ద కంప్యూటర్ల కొరకు చేసినది. రెండవది 2020 నవంబరులో ఆపిల్ సంస్థ తన ల్యాప్‌టాప్‌ల కొరకు ప్రకటించిన ఎం1.

ప్రాసెసరులో స్వతంత్రముగా లెక్కలు చేయగల అంగమునకు కోర్ అని పేరు. ఎపిక్‌లో ఇట్టివి 64 గలవు. ఎం1లో ఉన్నవి 8 మాత్రమే. అందులోను 4 వేగమునకు, 4 విద్యుత్తు పొదుపునకు ఉద్దేశింపబడినవి. ఎపిక్‌కు నిర్ణయించిన విద్యుత్ పరిమితి 225 వాట్లు. ఎం1ను పొదిగిన పలుచని ల్యాప్‌టాప్‌లో చిప్పుకు సుమారు 10 వాట్ల పరిమితి; ఆ ల్యాప్‌టాప్‌కు గాలి విసరు ఫ్యాను కూడ లేదు. ఎపిక్‌కు విడుదలనాటి ధర 6,950 డాలర్లు; ఎం1తో కూడిన ల్యాప్‌టాప్ మొత్తము 999 డాలర్లకే మొదలైనది.

ఈ అంకెలను చూచినవాడు సర్వరు ప్రాసెసరు అన్నిటను ముందుండునని తలచుట సహజము. అయినను ఒక్క కోర్ చేయు పనిని మాత్రము కొలిచిన పరీక్షలలో ఎం1 స్పష్టముగా ముందు నిలిచినది. ఇది చూచి కొందరు, సర్వరు ప్రాసెసర్ల కాలము ముగిసినదనిరి. మరికొందరు 64కు 8 సరితూగునా అని ఆ పరీక్షలనే త్రోసిపుచ్చిరి. ఈ రెండు వాదములును సగము సత్యములే.

వేగమను మాటకు రెండర్థములు

ప్రాసెసరు గడియారము సెకనుకు ఎన్నిమార్లు కొట్టుకొనునో గిగాహెర్ట్జులలో చెప్పుదురు. 1 గిగాహెర్ట్జు అనగా సెకనుకు 100 కోట్ల స్పందనలు. ఎం1 వేగపు కోర్ 3.2 గిగాహెర్ట్జులతో నడచును. ఎపిక్ కోర్ సామాన్యముగా 2.25తో నడచినను, పని తక్కువగా నున్నపుడు 3.4 వరకు పోగలదు. అట్లయిన 3.4 గల కోర్ 3.2 గల కోర్ కంటె ఏల వెనుకబడినది?

కారణము ఒక్కొక్క స్పందనలో జరుగు పనిలోనున్నది. ఎం1 వేగపు కోర్ ఒక్క స్పందనలో 8 ఆదేశములను విప్పి చదువుకొనగలదు. ఎపిక్ కోర్‌కు ఈ సంఖ్య 4. ఆదేశములను చేతికందునంత దగ్గరలో దాచుకొను చిన్న నిల్వ ఎం1 వేగపు కోర్‌లో 192 కిలోబైట్లు, ఎపిక్ కోర్‌లో 32 కిలోబైట్లు. చిన్న అడుగులు వేగముగా వేయువానికంటె పెద్ద అడుగులు కొంచెము నెమ్మదిగా వేయువాడు ముందు చేరుట వింత కాదు. కాబట్టి గిగాహెర్ట్జుల అంకె ఒక్కటే చూచి వేగమును నిర్ణయించుట, అడుగుల సంఖ్యను మాత్రమే లెక్కించి నడచిన దూరమును చెప్పుట వంటిది.

ఒక ఉత్తరమును టైపు చేయుట, ఒక చిత్రమును తెరచుట, ఒక పేజీని తెరపై చూపుట: ఇవన్నియు ఒక్క మనిషి ఎదురుగా కూర్చుండి చేయించుకొను పనులు. ఇచ్చట కావలసినది ఒక్క పని త్వరగా ముగియుట. ఎం1 ఈ గుణమునకే నిర్మింపబడినది.

పదవ తరగతి ఫలితములు వెలువడు దినమును తలచుకొనినచో రెండవ అర్థము తెలియును. ఒకే ఘడియలో లక్షలకొలది విద్యార్థులు తమ హాల్ టికెట్ సంఖ్యను పంపి మార్కులు చూపుమని అడుగుదురు. ఒక విద్యార్థి ప్రశ్నకును మరియొకని ప్రశ్నకును సంబంధము లేదు. కనుక వానిని 64 కోర్‌లకు పంచిపెట్టవచ్చును. ఒక్కొక్క ప్రశ్నకు సెకనులో కొద్ది పాలు ఆలస్యమైనను ఎవరికిని తెలియదు; ఒక గంటలో ఎన్ని ప్రశ్నలు తీరినవన్నదే ముఖ్యము. ఒక్క పని ఎంత త్వరగా ముగియునన్నది ఒక కొలత. గడువులోపల ఎన్ని పనులు ముగియునన్నది మరియొక కొలత. ఈ రెండింటిని ఒకే మాటతో వేగమని పిలుచుటయే సగము గందరగోళమునకు మూలము.

కోర్‌ల సంఖ్యకు గల హద్దు

కోర్‌లు ఎనిమిదింతలైన పనియు ఎనిమిదింతలగునని నమ్మువారు 1967లో జీన్ ఆమ్‌డాల్ అను అమెరికా ఇంజనీరు చేసిన వాదమును గుర్తుంచుకొనవలెను. దానిని వరిపొలములో చూపవచ్చును. ఒక మడిని సిద్ధముచేసి నీరు కట్టుటకు ఒక మనిషికి 1 గంట పట్టుననుకొందము. ఈ పనిని పంచుకొనుటకు వీలులేదు. తరువాత నాట్లు వేయుటకు ఒక్క మనిషికే అయినచో 9 గంటలు పట్టును. దీనిని ఎందరైన పంచుకొనవచ్చును.

ఒక్కరు చేసిన మొత్తము 10 గంటలు. నాట్లకు 8 మంది వచ్చినచో 1 గంటయు, 9లో 8వ వంతును కలిసి సుమారు 2 గంటల 8 నిమిషములు. 64 మంది వచ్చినచో సుమారు 1 గంట 8 నిమిషములు. మనుష్యులు ఎనిమిదింతలు పెరిగినను పని వేగము రెండింతలైనను కాలేదు. వేయిమంది వచ్చినను నీరు కట్టు ఆ మొదటి గంట తగ్గదు. ఆ గంటను తగ్గించువాడు నీరు కట్టు మనిషి ఒక్కడే. అతడు చురుకైనవాడు కావలెను.

ప్రోగ్రాములలోను ఇట్టి పంచరాని భాగముండును. అది పెద్దదైనచో కొద్దిపాటి చురుకైన కోర్‌లు గల ఎం1 మేలు. అది మిక్కిలి చిన్నదైనచో, లేక పనులు ఒకదానితోనొకటి సంబంధము లేనివైనచో, 64 కోర్‌ల ఎపిక్‌కు ఎదురులేదు. పని స్వభావము చెప్పకయే ఏది గొప్పదని అడుగుట, పంట పేరు చెప్పకయే ఎన్ని తడులు కావలెనని అడుగుట వంటిది.

అంకెలలో కనబడని బరువు

225 వాట్లను 64తో భాగించిన కోర్‌కు సుమారు 3.5 వాట్లు, 10 వాట్లను 8తో భాగించిన 1.25 వాట్లు. ఈ లెక్కతో ఎం1 దాదాపు మూడింతలు పొదుపరియని చెప్పుదురు. భాగహారములో తప్పు లేదు; భాజ్యములోనే లోపమున్నది. ఎపిక్ వాడు విద్యుత్తంతయు కోర్‌లకే పోవుట లేదు. ఆ ప్రాసెసరు ఒకే పలక కాదు. 8 కోర్‌లు గల చిన్న పలకలు 8, వాని నడుమ రాకపోకలను చూచుకొను పెద్ద పలక ఒకటి, మొత్తము 9 పలకల కూర్పు. ఆ నడిమి పలక 8 మెమరీ మార్గములను, ఇతర యంత్రభాగములను కలుపుకొను 128 దారులను నడపవలెను. దాని ఆధారమున 4 టెరాబైట్ల వరకు మెమరీని చేర్చవచ్చును. ఎం1కు గరిష్ఠము 16 గిగాబైట్లు. కొనిన తరువాత పెంచుటకు వీలులేదు. అనగా భేదము 256 రెట్లు.

ఆ దారుల విలువకు పూణేలోని సీ-డాక్ సంస్థ నెలకొల్పిన పరం సిద్ధి-ఏఐ మంచి నిదర్శనము. 2020 నవంబరునాటి ప్రపంచ సూపర్ కంప్యూటర్ల జాబితాలో దానికి 63వ స్థానము లభించినది. అందలి యంత్రము ఒక్కొక్కదానిలో రెండేసి ఎపిక్ 7742లు, ఎనిమిదేసి ఎన్‌విడియా ఏ100 చిప్పులు గలవు. గణనలో పెద్దభాగము ఏ100లది. వానికి ఎడతెగక సరకు అందించుట ఎపిక్ పని. ఇట్టి బాధ్యత ఒక్క కోర్ పరీక్షలో ఎన్నడును కనబడదు.

ఎం1 పక్షమున చెప్పవలసినదియు గలదు. దాని మెమరీ మార్గము సెకనుకు సుమారు 68 గిగాబైట్లు తెచ్చును. 8 కోర్‌లకు పంచిన ఒక్కొక్కదానికి 8.5. ఎపిక్‌ది 204.8 అయినను 64 కోర్‌లకు పంచిన ఒక్కొక్కదానికి 3.2 మాత్రమే. మొత్తములో పెద్దది తలసరిలో చిన్నదగుట భూగోళ పాఠములలో విద్యార్థులు ఎరిగినదే.

ప్రకటనల తీరు

తయారీదారుల ప్రకటనలును విమర్శకు అతీతములు కావు. ఎపిక్ ఈ తరమును విడుదల చేయునపుడు 80 ప్రపంచ రికార్డులు చాటబడినవి. రికార్డు అనునది ఎంచుకొనిన పరీక్షలో సాధించినది. కొనువాని పని ఆ పరీక్షను పోలినదగునో కాదో ఆ సంఖ్య చెప్పదు. ఎం1 ప్రకటనలోని రేఖాపటములో ప్రత్యర్థిని సరిక్రొత్త పీసీ ల్యాప్‌టాప్ చిప్పు అని మాత్రమే పేర్కొనిరి. దాని పేరు పటముపై లేదు. ప్రయోగశాల పుస్తకములో పోల్చిన వస్తువు పేరు వ్రాయని విద్యార్థికి ఏ ఉపాధ్యాయుడును పూర్తి మార్కులు వేయడు. ఆ నియమమును వ్యాపారులకు సడలించుటకు కారణము లేదు.

మరియొక అసమానత గలదు. రెండు చిప్పుల కోర్‌లును తైవాన్ దేశపు టీఎస్‌ఎమ్‌సీ సంస్థ చేసినవే. అయితే ఎపిక్ కోర్‌లు 7 నానోమీటర్లని పిలువబడు పద్ధతిలోను, ఎం1 తరువాతిదగు 5 నానోమీటర్ల పద్ధతిలోను తయారైనవి. ఎం1 పొదుపులో కొంత రూపకర్తల ప్రజ్ఞ, కొంత తయారీ పద్ధతి భాగ్యము. ఈ రెండింటిని విడదీయక మొత్తమును ఒకరికే కట్టబెట్టుట న్యాయము కాదు.

విమర్శఫలము

ఈ పోటీ నుండి తేలిన ముఖ్యవిషయము జయాపజయములు కాదు. రెండు పక్షములును ఒకదానినుండి ఒకటి నేర్చుకొనుట. మొబైల్ ఫోన్లలో పెరిగిన ఆర్మ్ వంశపు కోర్‌లతో అమెజాన్ సంస్థ గ్రావిటాన్2 అను 64 కోర్‌ల సర్వరు ప్రాసెసరును 2019 చివర ప్రకటించినది. ఆపిల్ సంస్థ 2022లో రెండు పెద్ద పలకలను జతచేసి ఎం1 అల్ట్రాను నిర్మించినది. రెండు చిప్పులకును తరువాతి తరములు వచ్చినవి. అంకెలు మారినవి, కొలతల భేదము మారలేదు.

కావున కంప్యూటరు కొనదలచిన విద్యాసంస్థ మూడు ప్రశ్నలు వేసికొనుట మేలు. యంత్రము ఎదుట కూర్చుండువారు ఒక్కరా, పలువురా? పనిలో పంచరాని భాగమెంత? మెమరీ రేపు పెంచవలసివచ్చునా? ఒక్కొక్క విద్యార్థి తన ప్రోగ్రామును తానే వ్రాసికొను ప్రయోగశాలకు ఎం1 వంటి చిప్పులుగల యంత్రములు చాలును. అచ్చట సర్వరు ప్రాసెసరు కొనుట ఊరేగింపు ఏనుగుతో దుక్కి దున్నించుట. జిల్లా విద్యార్థులందరి ఫలితములను ఒక్క ఉదయమున అందింపవలసిన కార్యాలయము ల్యాప్‌టాప్ చిప్పు చురుకును చూచి మోసపోరాదు.

పైనిచ్చిన వరినాట్ల లెక్కను ఉపాధ్యాయులు తరగతిలో చేయించవచ్చును. నీరు కట్టు కాలమును 1 గంట నుండి 6 నిమిషములకు తగ్గించి, 8 మందికిని 64 మందికిని పట్టు కాలమును విద్యార్థులనే లెక్కింపుమనవలెను. భేదము రెండింతల లోపునుండి దాదాపు అయిదింతలకు పెరుగుట వారు స్వయముగా కనుగొందురు.