తులనము

తులనమను పదములో తుల యున్నది. త్రాసు సరిచేయక తీర్పు చెప్పరాదని ఆ పదమే మనకు బోధించుచున్నది. చీనా దేశపు తేయాకులను వరుసగా నుంచి రుచి చూచు నలవాటువలన ఈ బోధ నాకు అనుభవమునకు వచ్చినది.

పాశ్చాత్యులు ఎండిన యాకును జూచి నల్లనిదన్న దానినే చీనావారు పాత్రలోని నీటిని జూచి హోంగ్‌చా, అనగా ఎఱ్ఱని తేయాకు, అనిరి. మన తేయాకులోని ‘తే’ కూడ ఫుజియాన్ తీరవాసుల నోటినుండి ఓడలమీద లోకమునకు వ్యాపించిన పలుకే. ఆ ఫుజియాన్‌లోనే, వూయీ కొండల నడుమనున్న తోంగ్‌ము గ్రామమున, సరళవృక్షపు కట్టెల పొగలో ఆరబెట్టెడి లాప్సాంగ్ సూచాంగ్ పుట్టినది. తొలినాడు నేను దానినే ముందు త్రాగితిని. ఆ ధూమగంధము నాసికను, నాలుకను పూర్తిగా నాక్రమించియుండగా, వెనువెంటనే అన్హుయీ రాష్ట్రపు కీమన్‌ను గ్రోలి, ఇది వట్టి వేడినీరని త్రోసివేసితిని.

కొన్నిదినములకు వరుస మార్చి కీమన్‌ను ముందుంచినపుడు నా తీర్పెంత యన్యాయమో తెలిసినది. 1875 ప్రాంతమున చీమెన్ సీమలో ఆరంభమైన ఈ తేయాకున గులాబీపూవునందుండెడి జెరానియాల్ అను సుగంధద్రవ్యము విశేషముగా నుండుటచే, దాని పరిమళము మొదట పూవువలెను, పిదప తేనెవలెను తోచి, మ్రింగిన తరువాతను కంఠమున నిలిచియుండును.

దాని సరసన యున్నాన్ రాష్ట్రపు దియెన్‌హోంగ్‌ను ఉంచుటకు వేఱొక కారణము కలదు. జపాను దండయాత్రచే తూర్పుసీమల తేయాకు వ్యాపారము చెడిన కాలమున, అంతకుముందు చీమెన్‌లో పనిచేసిన ఫెంగ్ షావోచ్యూ అను నిపుణుడు 1938లో యున్నాన్‌లోని ఫెంగ్‌చింగ్‌కు వెళ్లి, అచ్చటి పెద్దాకు చెట్లనుండి ఎఱ్ఱ తేయాకు చేయించెను. కోసిన యాకును వాడనిచ్చి, నలిపి, గాలి సోకి ఎఱ్ఱబారనిచ్చి, వేడిచే ఆరబెట్టెడి క్రమమొక్కటియే. కాని మన అస్సాము తేయాకునకు సజాతియైన ఆ పెద్దాకునుండి బంగారువన్నె మొగ్గలతో, నిండైన తీపితో, బలమైన పానీయము వెలువడినది. ఒకే విద్య రెండు నేలలలో ఎట్లు పలుకునో వినవలెనన్న ఈ రెండు పాత్రలు చాలును.

కావున నేడు నేను మూడు తెల్లని పింగాణి పాత్రలు తీసికొని, పరీక్షకుల పద్ధతి ననుసరించి 100 మిల్లీలీటర్ల నీటికి 2 గ్రాముల చొప్పున ఆకు తూచి, సలసల మరుగు నీటిని పోసి, 6 నిమిషములు మూతపెట్టియుంతును. పాలు, చక్కెర కలుపను. చెంచాతో తీసి చప్పుడగునట్లు జుఱ్ఱినచో గాలితో కలిసిన పరిమళము కంఠమార్గమున నాసిక కెక్కును. వేడి తగ్గుచున్నకొలది మరల మరల చూతును. పొగలు గ్రక్కునప్పుడు దాగిన వగరును, తీపియు, చల్లారినపుడు స్పష్టముగా బయటపడును.

ముందు కీమన్, నడుమ దియెన్‌హోంగ్, కడపట లాప్సాంగ్: ఇదియే ఇప్పుడు నా వరుస. కడపట వచ్చుటచే ఆ పొగ యిప్పుడెవ్వరి గొంతును నొక్కదు. పొయ్యి యారిన పిమ్మట వంటయింట మిగిలిన కట్టెల వాసనవలె అది నాకును ప్రియమైనది.