ధారణ నుంచి వివేచనకు : తెలుగు సాహిత్య ప్రశ్నపత్రం – ఒక పరిశీలన

మూల్యాంకనానికి రెండు ప్రయోజనాలున్నాయి. విద్యార్థి ఎంత నేర్చాడో నిర్ధారించడం ఒకటి, ఇంకా నేర్వవలసిన దారిని చూపడం రెండవది. పాఠ్యప్రణాళికల మూల్యాంకనాన్ని చర్చిస్తూ మైకేల్ స్క్రివెన్ 1967లో ప్రతిపాదించిన సంగ్రహణాత్మక, నిర్మాణాత్మక భేదాన్ని బెంజమిన్ బ్లూమ్ మొదలైనవారు తరువాత విద్యార్థి అభ్యసనానికి అన్వయించారు. మన తెలుగు సాహిత్య ప్రశ్నపత్రం ఈ రెండింటిలో దేనిని నెరవేరుస్తున్నదో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

పరీక్షకూ తెలుగు సాహిత్య చరిత్రకూ ఉన్న సంబంధం సామాన్యమైనది కాదు. విద్యార్థి వ్యాసరచన ఏ భాషలో సాగాలన్న ప్రశ్న వ్యావహారిక భాషావాదానికి ఒక ప్రధాన రంగస్థలమయింది. మద్రాసు విశ్వవిద్యాలయ తెలుగు కాంపోజిషన్ ఉపసంఘంతో విభేదించి గురజాడ 1914లో అసమ్మతి పత్రం సమర్పించారు. దేనికి మార్కులు వేస్తామో అదే చదువుగా చలామణి అవుతుందని ఆ వివాదం నిరూపించింది.

భాష విషయంలో ఆ పోరాటం ఫలించింది. పఠన విషయంలో అంతటి మథనం జరగలేదు. ప్రతిపదార్థం, సందర్భసహిత వ్యాఖ్య, వ్యాసరూప సమాధానం అనే చట్రం మనకు చిరపరిచితం. ఈ ప్రక్రియలు స్వతహాగా దోషయుక్తాలు కావు. అన్వయక్రమం తెలియనిదే పద్యం బోధపడదు. అయితే ముందే తెలిసిన పద్యాలకు గైడులో అచ్చయిన వ్యాఖ్యను తిరిగి రాస్తే చాలునన్నప్పుడు, పరీక్షకు గురయ్యేది పద్యావగాహన కాదు, పరవ్యాఖ్యా ధారణ. బ్లూమ్ 1956 నాటి వర్గీకరణలో విశ్లేషణ, సంశ్లేషణ, మూల్యాంకనం అన్న మెట్లు అక్కడ అందకుండానే ఉండిపోతాయి.

ధారణను తక్కువ చేయనక్కర లేదు. అవధానంలోనూ ధారణ ఉన్నది. కాని అవధాని ధారణ చేసేది అప్పటికప్పుడు తాను పూరించిన సమస్యను, తాను చేసిన వర్ణనను. అక్కడ సృజన ముందు, ధారణ తరువాత. మన పరీక్షలో ధారణ మాత్రమే మిగిలింది.

ఒక ఉదాహరణ చూద్దాం. పోతన గజేంద్రమోక్షణంలోని ఒక పాదమిచ్చి సందర్భం అడిగితే కవి, కావ్యం, ఘట్టం అనే మూడు అంశాలతో సమాధానం ముగుస్తుంది. దానికి బదులు, గజేంద్రుని మొర సంశయం నుంచి శరణాగతికి ఏ క్రమంలో సాగిందో పద్యాల ఆధారంగా నిరూపించమంటే విద్యార్థి మూలాన్ని మళ్లీ చదవక తప్పదు. పాఠ్యేతర పద్యమొకటి ఇచ్చి దాని స్వారస్యాన్ని వివరించమన్నా ఫలితం అదే.

ఇటువంటి సమాధానాలకు మార్కులు వేయడంలో ఆత్మాశ్రయత చోటు చేసుకుంటుందన్నది సహేతుకమైన ఆక్షేపణ. వందల జవాబుపత్రాలు దిద్దవలసిన అధ్యాపకుని శ్రమనూ విస్మరించలేము. కాని ఏకరూపత కోసం ప్రామాణ్యాన్ని వదులుకోవడం పరిష్కారం కాదు. మూలాధారం, అన్వయశుద్ధి, తర్కక్రమం, భావవ్యక్తీకరణ అనే ప్రమాణాలను ముందే ప్రకటించి, ఒక్కొక్కదానికి మార్కులు కేటాయిస్తే భిన్న వ్యాఖ్యలను ఒకే న్యాయంతో తూచవచ్చు. అంతర్గత మూల్యాంకనంలో మార్కుతో పాటు లిఖిత సూచన ఇచ్చి, తిరిగి రాసే అవకాశం కల్పిస్తే పరీక్ష బోధనలో భాగమవుతుంది.

సొంతంగా చదివి తడబడిన విద్యార్థి కంటే, చదవకుండా వల్లించినవాడు ఎక్కువ మార్కులు పొందే చోట మనం సహృదయులను తయారు చేస్తున్నామని చెప్పుకోలేము. రేపటి అధ్యాపకులు, పరిశోధకులు రావలసింది ఈ తరగతుల నుంచే. కాబట్టి ప్రశ్నపత్ర రచనను పరీక్షల విభాగపు లాంఛనంగా కాక, సాహిత్య విమర్శలో భాగంగా పరిగణించడం తెలుగు శాఖల తక్షణ కర్తవ్యం.