ఢిల్లీ మసక: చక్రచిత్రము చెప్పని సంగతి

శీతకాలమున ఢిల్లీపై క్రమ్ముకొను మసకకు కారకులెవరు? ఈ ప్రశ్నకు కొలతలతో సమాధానము చెప్పిన గ్రంథములలో, కాన్పూరు ఐ.ఐ.టి. ఆచార్యులు ముఖేష్ శర్మ, ఓంకార్ దీక్షిత్ 2016లో ఢిల్లీ ప్రభుత్వమునకు సమర్పించిన నివేదిక ముఖ్యమైనది. దానిని పూర్తిగా చదివినవారు కొద్దిమందియే. అందలి చక్రచిత్రమును మాత్రము చూడనివారు లేరు. చిక్కంతయు అచ్చటనే యున్నది.

2013-14 శీతకాలమునను, 2014 వేసవియందును నగరములో ఆరు చోట్ల గాలిని వడపోసి, చిక్కిన ధూళిని రసాయనికముగా పరీక్షించిరి. బొగ్గు బూడిదకు, వాహనముల పొగకు, గడ్డి పొగకు వేర్వేరు కూర్పులుండును. సాంబారు రుచి చూచి అందు ఏ దినుసు ఎంత పడినదో చెప్పుట వంటిదీ పద్ధతి. కాని కందిపప్పు ఉన్నదని నాలుక చెప్పును గాని, అది ఏ కొట్టునుండి వచ్చినదో చెప్పజాలదు.

2.5 మైక్రానుల లోపు కణములలో శీతకాలపు లెక్క యిది: ద్వితీయ కణములు 30 శాతము, గడ్డి, కట్టె మున్నగువాని పొగ 26, వాహనములు 25, చెత్త కాల్చుట 8. మొదటి స్థానము నాక్రమించిన “ద్వితీయ కణములు” అనునవి ఎవరు వదలినవి? ఎవరును వదలలేదు! అది ఒక రూపమునకు పేరే గాని ఒక స్థలమునకు పేరు కాదు.

ఉపాధ్యాయులకు తెలిసిన ప్రయోగమే చూడుడు. హైడ్రోక్లోరిక్ ఆమ్లపు సీసాను, అమోనియా సీసాను మూతలు తీసి దగ్గరగా నుంచినచో నడుమ తెల్లని పొగ పుట్టును. ఆ పొగ ఏ సీసాలోనిది? ఢిల్లీపై జరుగునదియు ఇట్టిదే. విద్యుత్కేంద్రముల బొగ్గునుండి వచ్చిన గంధక ద్విఆమ్లజనిదము గాలిలో ఆమ్లమై, పొలములనుండి, పశువులనుండి వచ్చిన అమోనియాతో కలిసి సల్ఫేటు కణమగును. ఈ మార్పునకు గంటలు మొదలు దినముల వరకు పట్టును. అంతలో గాలి దానిని వందల కిలోమీటర్లు మోసికొని పోవును.

నివేదికకర్తలు ఈ సంగతి మరువలేదు. ఢిల్లీకి 300 కి.మీ. లోపల 13 ఉష్ణ విద్యుత్కేంద్రములున్నవనియు, వాటి గంధక ద్విఆమ్లజనిదమును 90 శాతము తగ్గించవలెననియు స్పష్టముగా వ్రాసిరి. అయినను ఆ మాటను చక్రచిత్రములోనికి తేలేదు. ఇది గ్రంథములోని లోపమే.

రెండవ అభ్యంతరము ఆ 26 శాతమును గూర్చి. పంజాబు పొలములో కాలిన వరిగడ్డియు, ఢిల్లీ వీధిలో కావలివాడు చలికాచుకొన్న కుంపటియు ధూళిలో విడిచిపోవు గుర్తు ఇంచుమించు ఒకటే. గడ్డి కాల్చుట ఎక్కువగా అక్టోబరు చివర, నవంబరులో. కుంపట్లు డిసెంబరు, జనవరులలో. ఋతువంతటికిని ఒకే సగటు వేసినప్పుడు ఈ రెండును కలిసిపోయి, తప్పంతయు రైతు నెత్తిన పడును. గాలి వచ్చిన దారిని వెనుకకు లెక్కించి చూచిన మాట నిజమే. దారి తెలిసినను, దారిలో ఏ సరుకు ఎంత ఎక్కినదో తెలియదు గదా!

ఇది పండితుల తగవు మాత్రమే కాదు. గంధక ద్విఆమ్లజనిదమునకు పరిమితులు 2015 డిసెంబరులో విధింపబడి, రెండేండ్ల గడువీయబడినది. గడువు పలుమారులు పెరిగినది. 2025 జూలైలో కేంద్ర ప్రభుత్వము ఎక్కువ కేంద్రములకు శుద్ధి యంత్రముల విషయమున మినహాయింపు నిచ్చినది. తప్పక అమర్చవలసినవి దేశరాజధాని ప్రాంతమునకు గాని, పదిలక్షలకు మించిన జనాభాగల నగరములకు గాని 10 కి.మీ. లోపలివి. రాజధాని ప్రాంతము విశాలమైనది గనుక దాద్రి, పానిపట్టు వంటివి అందు చేరినవి. పంజాబులోని కేంద్రములు ఆ ప్రాంతపు హద్దుకు చాల దూరమున నున్నవి. శీతకాలమున ఢిల్లీకి గాలి వచ్చునది తరచుగా ఆ వాయవ్య దిక్కునుండియే. మెల్లగా వీచు గాలికి సైతము 10 కి.మీ. దాటుటకు రెండు గంటలు చాలును.